జారిన క్లచ్, సాదత్ బొటనవేలు

కరకోల్ అనే కొండ కింది ఊరి బజారులో కుట్టుమిషన్లు బాగుచేసే సాదత్‌కు కొలిచే పరికరాలంటే చిన్నచూపు. దారం బిగువెంత ఉందో తెలుసుకోవడానికి ఆవిడకు కుడిచేతి బొటనవేలు చాలు. దారాన్ని ఒకసారి వేలిమీదుగా లాగి చూసి, "ఇంకో పావు చుట్టు" అంటుంది, అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట తప్పింది లేదు. స్కూలు యూనిఫారాలు కుట్టేవాళ్ళూ, పరుపులు కుట్టేవాళ్ళూ, పెళ్ళిబట్టలకు అంచులు వేసేవాళ్ళూ అందరూ ఆ ఇనపడబ్బా కొట్టు ముందే పడిగాపులు పడేవాళ్ళు. ఆవిడ నాన్న ఊళ్ళోని బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున ఆయన ఇంటికి మోసుకొచ్చుకున్న ఆస్తల్లా ఒక పనిముట్ల పెట్టె. పోయేముందు దాన్ని కొడుకులిద్దరినీ కాదని కూతురి చేతిలో పెట్టాడు. కొడుకులు మూతి ముడుచుకున్నారు. ముడుచుకుంటే ముడుచుకున్నారు, ఇద్దరిలో ఒక్కడికీ సూదిలో దారం ఎక్కించడం రాదు.

అలాంటి బొటనవేలికి ఈ వేసవిలో తిమ్మిరి పట్టుకుంది. మొదట చీమలు పాకినట్టుండేది. తర్వాత చీమలు కూడా పోయాయి. ఆగస్టులో ఒక దర్జీ ఆవిడ ఒకే మిషన్‌ను రెండుసార్లు వెనక్కి తెచ్చింది. మూడోసారి తేలేదు, ఇంకెక్కడికో తీసుకుపోయింది. సాదత్ పాలీక్లినిక్కుకు వెళితే అక్కడి కుర్ర డాక్టరు మణికట్టు వంచి చూసి, నరం నలిగిపోతోందనీ, వేలికి స్పర్శ తగ్గుతోందనీ అన్నాడు. గుండుసూదితో గుచ్చి, "తెలుస్తోందా?" అని అడిగాడు.

"ఎందుకు తెలియదు!" అని దబాయించి వచ్చేసింది సాదత్. తెలియలేదన్న సంగతి ఆవిడకు తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భర్త కొండమీద గనిలో రెండు వారాలు పనిచేసి, దిగివచ్చి రెండు వారాలు నిద్రపోయే రకం. అత్తగారు జూరాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిడ చెవిన వేస్తే సాయంత్రానికి వీధంతా వచ్చి వేలు చూసిపోతుంది. అసలు చెప్పడానికేముంది? వేలు పోయిందంటే కొట్టు పోయినట్టే. ఆ మాట పైకి అంటే ఎక్కడ నిజమైపోతుందోనని ఆవిడ భయం.

కుట్టుమిషన్ల సంగతి అలా ఉంటే, ఆవిడ ప్రాణం సగం కొట్టుకునేది మాత్రం ఒక బొమ్మకారు మీద. బొమ్మకారు అంటే ఆవిడకు కోపం వస్తుంది. రిమోట్‌తో నడుస్తుంది, మూర పొడవుంటుంది, మట్టిదిబ్బల మీదినుంచి మనిషెత్తు ఎగిరి దూకుతుంది. నాలుగేళ్ళ క్రితం కుబాత్ అనే మినీబస్సు డ్రైవరు దాన్ని సంచీలో పెట్టుకుని కొట్టుకు వచ్చాడు. లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రం పళ్ళన్నీ రాలిపోయి బోసిగా ఉంది.

"అక్కా, ఏదైనా మిషన్ చక్రం దీనికి పట్టిస్తారా?" అన్నాడు.

సాదత్ నవ్వి పొమ్మనబోయి, లోపలికి తొంగి చూసి ఆగిపోయింది. ఆ పళ్ళచక్రం ఇరుసుకు గట్టిగా బిగించి లేదు. రెండు పక్కలా రెండు రాపిడి బిళ్ళలు, వాటిని ఒత్తుతూ ఒక స్ప్రింగు, స్ప్రింగును అదిమిపట్టి చివర ఒక నట్టు. కుట్టుమిషన్ చేతిచక్రం మధ్యలో కూడా ఇలాంటి కిటుకే ఉంటుంది. కండెకు దారం చుట్టేటప్పుడు అక్కడి మర వదులు చేస్తే చక్రం తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. మిషన్‌లో ఉన్న ఉపాయం కారులోకి ఎలా వచ్చిందా అని ఆవిడకు వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

కారు గాలిలో ఉండగా చక్రాలు ఊరికే గిర్రున తిరుగుతాయి. నేలకు తగలగానే నేల వాటిని పట్టి ఆపేస్తుంది. మోటారు మాత్రం ఆగనంటుంది. ఆ ఇద్దరి కొట్లాటలో మధ్యనున్న పళ్ళు రాలిపోతాయి. అందుకే ఆ క్లచ్. దెబ్బ తగిలిన క్షణంలో అది కాస్త జారి, కొట్లాటను తనమీద వేసుకుని, మళ్ళీ పట్టుకుంటుంది. నట్టు మరీ బిగిస్తే జారదు, పళ్ళు పోతాయి. మరీ వదిలితే జారుతూనే ఉండి బిళ్ళలు మాడిపోతాయి. సరిగ్గా ఉంటే, బయల్దేరేటప్పుడు రెండు జానల దూరం సన్నగా ఈల వేసి ఆ తర్వాత నేలను కరుచుకుంటుంది. ఈ సరిగ్గా అన్నది ఎక్కడుందో కనిపెట్టడానికి సాదత్‌కు ఒక పద్ధతి ఉంది. వెనక చక్రాలు రెండూ ఎడమచేత్తో కదలకుండా పట్టుకుని, కుడి బొటనవేలితో పళ్ళచక్రాన్ని ముందుకు నెడుతుంది. మొరాయించాలి, మొరాయించాలి, అప్పుడు జారాలి. ఎంత మొరాయించాక జారాలో ఆవిడ వేలికే తెలుసు.

ఆ ఊళ్ళో పాత గుర్రప్పందేల మైదానం మూల ఈ కార్ల పోటీలు జరుగుతాయి. నడిపేవాళ్ళు పదకొండుమంది, అందరూ మగవాళ్ళే. కార్లు బాగుచేసేది మాత్రం సాదత్. వాళ్ళ సంఘానికి పెద్ద, పాత ఫిజిక్సు మాస్టారు గెన్నాదీ. అందరూ గేనా మాస్టారు అంటారు. ఆయనకు ఆవిడ వేలంటే నమ్మకం లేదు. "పూర్తిగా బిగించు, రెండున్నర చుట్లు వెనక్కి తిప్పు. లెక్కంటే లెక్కే," అంటాడు.

"మీ లెక్కకు మొన్నటి బిళ్ళా ఇవాళ్టి బిళ్ళా ఒకటే మాస్టారూ. నా వేలికి కాదు," అంటుంది సాదత్.

ఇద్దరికీ ఈ వాదన నాలుగేళ్ళుగా నడుస్తోంది. అందుకే ఆవిడ తనలో తాను ఒక పందెం వేసుకుంది. అక్టోబరులో ఒక ఆదివారం ఏడాది చివరి పోటీ. క్లచ్‌ను పూర్తిగా వేలితోనే సరిచేస్తుంది. ఆ ఆదివారం అది పోటీ మొత్తం నిలబడితే వేలు బాగున్నట్టు, ఆ డాక్టరు ఏమీ తెలియని పిల్లకాకి అయినట్టు. జారిపోతే కొట్టు తాళంచెవి తమ్ముడి కొడుక్కి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటుంది.

శనివారం మధ్యాహ్నం కూర్చుంది పనికి. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. నూనె చేత్తో ఆ బిళ్ళలు ముట్టుకుంటే పని చెడినట్టే, క్లచ్ పట్టుకోవాల్సింది రాపిడితో కదా. నున్నబడి మెరుస్తున్న బిళ్ళలను సన్నటి గరుకుకాగితం మీద సున్నాలు చుడుతూ రుద్దింది. పొడి ఊదేసింది, పెట్రోలు చుక్కతో తుడిచింది, బిగించింది, బొటనవేలితో నెట్టింది. మళ్ళీ నెట్టింది. తెలుస్తున్నట్టే ఉంది. తెలియాలని తాను అనుకుంటోందా, నిజంగా తెలుస్తోందా అన్న అనుమానం ఒక్కటే పీకుతోంది. కారును కిటికీ దగ్గర బల్లమీద పెట్టి గుడ్డ కప్పింది. సాయంత్రం భర్త పెదనాన్న కొడుకు కుటుంబంతో వచ్చాడు. గొర్రెను కోశారు, పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని చేతులతో తిన్నారు, జూరా అందరినీ పేరుపేరునా దీవించింది. ఆ హడావిడిలో సాదత్ మళ్ళీ కారు వైపు పోలేదు.

ఆదివారం పొద్దున్న మైదానంలో గడ్డిమీద మంచు తెల్లగా పేరుకుంది. కుబాత్ మినీబస్సు వెనక తలుపు ఎత్తి, చాప పరిచి, దానిమీద కారు పెట్టారు. కుబాత్ ఒక చుట్టు ఊరికే తిప్పి చూశాడు. రెండు జానలు ఈల, తర్వాత బాణంలా పోయింది.

"అక్కా, మీ వేలికి ముద్దు పెట్టాలి," అన్నాడు కుబాత్.

"ముందు గెలువు. ముద్దులు మీ ఆవిడకు పెట్టుకో," అంది సాదత్. మనసులో మాత్రం డాక్టరును నాలుగు తిట్లు తిట్టింది, హాయిగా.

మొదటి అర్హత పరుగులో రెండు చుట్లు కుబాతే ముందున్నాడు. మూడో చుట్టులో పెద్ద దిబ్బ దూకి దిగాక మోటారు గొంతు చించుకుని అరుస్తోంది గానీ కారు మాత్రం నత్తలా పాకుతోంది. వెనకున్న కార్లు ఒక్కొక్కటీ దాటుకుపోయాయి. గట్టుమీద వాళ్ళు పగలబడి నవ్వారు.

"కుబాత్, దానికి గడ్డి వెయ్యి, ఆకలేస్తున్నట్టుంది!" అని ఎవడో అరిచాడు.

కారు చాపమీదికి రాగానే సాదత్ దాన్ని లాక్కుంది. విప్పి చూసింది. బిళ్ళల మీద కొంచెం మెరుపుంది, అది మామూలే, పరిగెత్తాక ఎప్పుడూ ఉంటుంది. బొటనవేలితో వాటిని ఇటూ అటూ రాసి చూసింది. పొడిగానే అనిపించింది. నట్టు పావు చుట్టు బిగించి మళ్ళీ అమర్చింది. ఇంతలో మైదానంలో తిరిగే చెవి తెగిన కుక్క ఒకటి చాప దగ్గరకు వచ్చి కారు నడుము దగ్గర మూతిపెట్టి ఆప్యాయంగా నాకసాగింది.

"ఛీ పో! ఓడిపోయిన కారుకు కుక్క కూడా ఓదార్పే," అన్నాడు కుబాత్ దాన్ని అదిలిస్తూ. గేనా మాస్టారు వచ్చి నట్టు వైపు చూశాడు.

"ఎన్ని చుట్లు వెనక్కి తిప్పావు?"

"లెక్కపెట్టలేదు."

"అదీ సంగతి," అని ఆయన వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటా వందమాటల పెట్టుగా తగిలింది సాదత్‌కు.

రెండో పరుగు. బయల్దేరేటప్పుడు చక్కటి ఈల, మొదటి చుట్టు అద్భుతం, రెండో చుట్టు పరవాలేదు, మూడో చుట్టులో మళ్ళీ అదే అరుపు, అదే పాకుడు. కుబాత్ పెద్దవాళ్ళను మాట అనకూడదని పెంచిన పిల్లాడు, ఏం చేస్తాడు! రిమోట్ చాపమీద పెట్టి, చేతులు జేబుల్లో పెట్టుకుని కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు.

సాదత్ మినీబస్సు అంచున కూర్చుండిపోయింది. పందెం ఓడిపోయింది. వేలు పోయింది. తాళంచెవి ఇచ్చేయాలి. తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసి ఏమని చెప్పాలో కూడా అనుకోవడం మొదలుపెట్టింది. అలా అనుకుంటూనే చేతులు ఊరుకోక వెనక చక్రాలు పట్టుకుని పళ్ళచక్రాన్ని నెట్టింది. ఏ మూలో చిన్న సందేహం తల ఎత్తింది.

వేలు తప్పు చెప్పి ఉంటే మొదటి చుట్టుకే తప్పు కావాలి కదా? రెండు చుట్లు ఒప్పు చేసి మూడో చుట్టుకు తప్పు చేసే వేలు ఎక్కడైనా ఉంటుందా?

"కుబాత్, ఇటు రా. ఈ చక్రాలు నేను పట్టుకుంటాను, నువ్వు దీన్ని నెట్టు. నీ బొటనవేలితో."

"ఇప్పుడెందుకక్కా? ఆఖరి పోటీకి ఇంకా గంట ఉంది, టీ తాగుదాం."

"నెట్టమన్నానా!"

కుబాత్ నెట్టాడు. "జారుతోంది. వెన్నలా పోతోంది."

"సరే. టీ తాగి రా."

వాడు టీ తాగి, పక్క కార్లవాళ్ళతో నాలుగు కబుర్లాడి వచ్చేసరికి పావుగంట పట్టింది. ఈలోగా సాదత్ కారును తీసుకెళ్ళి మంచు గడ్డిమీద పెట్టి, తాను పక్కనే గొంతుక్కూర్చుని కుక్కను తరుముతూ ఉంది. నట్టు ముట్టుకోలేదు.

"ఇప్పుడు నెట్టు."

కుబాత్ నెట్టాడు. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదేంటక్కా, కదలనంటోంది! ఏం చేశారు?"

"ఏమీ చేయలేదు. చల్లారింది." సాదత్ గొంతులో ఒక రకమైన పదును వచ్చింది. నాన్న పెట్టె తెరిచినప్పుడల్లా వచ్చే పదును అది. "బండి ఇంజను వెయ్యి. వేడిగాలి వదులు."

కారు వెనకభాగాన్ని మినీబస్సు వేడిగాలి గొట్టం ముందు పెట్టి పట్టుకుంది. అయిదు నిమిషాలు. కుబాత్ నెట్టాడు, జారింది. బయటి మంచులో పది నిమిషాలు. నెట్టాడు, మొరాయించింది. మళ్ళీ వేడికి, జారింది. వింత చూడటానికి మిగతావాళ్ళు కూడా మూగారు. గేనా మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వచ్చాడు.

"స్ప్రింగు వేడికి మెత్తబడుతోందేమో," అన్నాడు.

"ఈ కాస్త వేడికా? కుట్టుమిషన్ స్ప్రింగు ఇస్త్రీపెట్టె పక్కనే ఏళ్ళ తరబడి ఉంటుంది మాస్టారూ, దానికేం కాదు. లోపల ఏదో ఉంది. చల్లగా ఉంటే గడ్డకట్టి అంటుకుంటోంది, వేడెక్కితే కరిగి జారుతోంది. ఏమై ఉంటుంది చెప్పండి?"

ఆయన పిల్లలను అడిగే ప్రశ్న ఆయన్నే అడిగినందుకు కాస్త మొహమాటపడ్డాడు గానీ ఆలోచనలో పడ్డాడు. అప్పుడు వేడిగాలితో పాటు ఒక వాసన తేలి వచ్చింది. మాడిన బిళ్ళ వాసన ముక్కుల్లో మంటపెడుతుంది. ఇది అలా లేదు. కమ్మగా ఉంది. సాదత్ కారును ముక్కు దగ్గరకు తెచ్చుకుని గట్టిగా పీల్చింది.

"కుబాత్, పొద్దున్న ఏం తిని వచ్చావు?"

"రొట్టె, జామ్. ఎందుకు?"

"నీ చేతిది కాదన్నమాట," అంటూ ఆవిడ గబగబా క్లచ్ విప్పింది. రొట్టె చుట్టి తెచ్చిన పాత వార్తాపత్రిక చింపి, వెచ్చగా ఉన్న బిళ్ళను దానిమీద అదిమింది. ఎత్తి చూస్తే కాగితం మీద గుండ్రటి మరక. వెలుతురుకు ఎదురుగా పెట్టింది. మరకలోంచి అవతలి కొండ మసకగా కనిపించింది.

"కొవ్వు!" అన్నాడు గేనా మాస్టారు.

"గొర్రె తోక కొవ్వు," అంది సాదత్. ఆవిడకు అంతా ఒక్కసారి కళ్ళకు కట్టింది. శనివారం విందు, కిటికీ పక్కన బల్ల, పళ్ళెంలో వణికే తెల్లటి తోక కొవ్వు, చేయెత్తి దీవిస్తూ గది గదికీ తిరిగిన అత్తగారు. ఆ ఇంట్లో కారు జోలికి పోయే మనిషి ఇంకెవరు! నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. క్లచ్ జారింది వేలు వల్ల కాదు, విందు వల్ల. తాళంచెవి ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. సంగతి చెప్పగానే పదకొండుమందీ పడీపడీ నవ్వారు.

"అందుకేనా కుక్క నాకింది! మనందరికంటే అదే నయం, పొద్దున్నే కనిపెట్టింది," అన్నాడు కుబాత్. నవ్వుతూనే ఆ బిళ్ళను తన వేళ్ళ మధ్య రాసి చూశాడు. "అబ్బో, ఎంత జిడ్డో! ఇందాక మీరూ రాసి చూశారుగా అక్కా, తెలియలేదా?"

వాడు మామూలుగానే అడిగాడు. సాదత్ నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది.

తెలియలేదు. పొద్దున్న ఈ బొటనవేలే ఈ బిళ్ళ మీద ఇటూ అటూ తిరిగింది, పొడిగా ఉందని చెప్పింది. వాడి వేలికి అందిన జిడ్డు తన వేలికి అందలేదు. క్లచ్ బిగువు సరిగ్గానే పెట్టిందంటే, నాలుగేళ్ళ అలవాటుతో చేయి దానంతట అది పెట్టిందేమో. డాక్టరు గుండుసూది అబద్ధం చెప్పలేదు.

"చలికి చేతులు కొంకర్లు పోయాయి, ఎలా తెలుస్తుంది," అంది. ఆ మాట అందరూ నమ్మారు.

పెట్రోలుతో బిళ్ళలు, వాటిని పట్టి ఉంచే రేకులు, పళ్ళచక్రం రెండేసిసార్లు కడిగింది. గరుకుకాగితం మీద రుద్దింది. కాగితం మీద అదిమి మరక లేదని చూసుకుంది. బిగువు దగ్గరకు వచ్చేసరికి బొటనవేలు చాపింది, వెనక్కి తీసుకుంది.

"మాస్టారూ, మీ లెక్క ఏమిటన్నారు? రెండున్నరా?"

గేనా మాస్టారు నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. ఎగతాళి చేస్తాడనుకుంది. ఆయన ఆవిడ ముఖం వంక ఒకసారి చూసి, నెమ్మదిగా, "రెండున్నర. కొత్తగా రుద్దిన బిళ్ళలు కాబట్టి రెండుంపావు పెట్టుకో," అన్నాడు.

ఆఖరి పోటీలో కారు ఆఖరిదాకా నిలబడింది. కుబాత్ రెండో స్థానంలో వచ్చాడు. దిబ్బమీద ఒకసారి తిరగబడకపోతే మొదటి స్థానం తనదేనని వాడు దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. సాదత్ ఊ కొడుతూ కూర్చుంది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. జూరా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"గెలిచారా?"

"రెండో స్థానం అత్తమ్మా."

"రెండా! అంత కొవ్వు పోసినా రెండేనా?" అంది ముసలావిడ నిష్ఠూరంగా.

దారిలో సాదత్ ఈ మాట ఎలా ఎత్తాలా అని తల బద్దలుకొట్టుకుంది. కోడలు అత్తగారి తప్పు ఎత్తిచూపడం ఆ ఇళ్ళలో జరిగే పని కాదు. ముసలావిడ తానే చెప్పేసరికి బరువు దిగింది. టీ గిన్నెలు పెట్టుకుని ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు.

"ఎందుకు పోశారు అత్తమ్మా?"

"ఎందుకేమిటే! మా మామగారు వేటకెళ్తుంటే, వేట దొరికి జీను తాళ్ళకు దాని కొవ్వంటాలని దీవించి పంపేవాళ్ళం. నీ కారుకు జీనూ లేదు, తాళ్ళూ లేవు. నువ్వు ఎప్పుడు చూసినా ఆ మధ్యనున్న గుండ్రటిదాన్నే పట్టుకు కూర్చుంటావు. అందుకని కాస్త కరిగించి దానికే రాశాను. చెంచాడు లోపలికి కూడా పోశాను. పైన మెరుస్తుంటే నువ్వు గొణుగుతావని గుడ్డతో తుడిచేశాను కూడాను."

"కారు గెలవాలనా ఇంత చేశారు?"

"కారు ఎవడిక్కావాలే!" జూరా గిన్నె ఠక్కున కింద పెట్టింది. "ఎండాకాలం నుంచి చూస్తున్నాను. టీ గిన్నె రెండు చేతులతో ఎత్తుతున్నావు. గుండీ పెట్టుకోవడానికి అవస్థ పడుతున్నావు. అడిగితే చెప్పవు. నీ వేలు రోజంతా ఆనేది అక్కడే కదా అని అక్కడ రాశాను. దీవెన నీ వేలికి తగలాలని."

సాదత్‌కు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకుండా దాచుకున్నానని అనుకుంది. ఇంట్లో మనిషి గిన్నె ఎత్తడం దగ్గర్నుంచి లెక్కపెడుతూనే ఉంది.

"తగిలింది అత్తమ్మా," అంది. "బొటనవేలితో బిళ్ళంతా రాసి చూశాను. అంత జిడ్డూ వేలికి తగిలింది. నాకే తెలియలేదు."

జూరా కోడలి చేయి లాక్కుని, బొటనవేలి చివర గోరుతో నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు."

కొంచెం కిందికి జరిగి నొక్కింది. "ఇక్కడ?"

"కొంచెం."

"రేపు ఆ డాక్టరు దగ్గరకు నేనూ వస్తాను. అబద్ధమాడితే పక్కనుంచి గిల్లుతాను," అంది ముసలావిడ. అలా అని కాసేపు కారు వంక చూసింది. "ఇంతకీ ఆ గుండ్రటిది నీ వేలికి ఏం చెబుతుందే? రోజూ అంతసేపు దాంతో ఏం మాట్లాడతావు?"

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ సాదత్‌ను ఆ ప్రశ్న అడగలేదు. చెప్పబోయింది. మొరాయించడం, జారడం, ఆ రెంటికీ మధ్యనున్న రవ్వంత జాగా, అన్నీ చెప్పాలని చూసింది గానీ మాటలు చాలలేదు. లేచి వెళ్ళి కారు తెచ్చింది. సబ్బు తెచ్చింది.

"ముందు చేతులు కడుక్కోండి అత్తమ్మా. రెండుసార్లు."

"ఒకసారి చాలదూ?"

"మీ చేతులకు మూడుసార్లు కడగాలి నిజానికి."

ముసలావిడ సణుగుతూనే కడుక్కుని వచ్చింది. అరవై ఏళ్ళు ఆవుల పొదుగులు పిండిన చేతులవి, వేళ్ళ కణుపులు ముడులు పడ్డాయి గానీ చివర్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి. సాదత్ వెనక చక్రాలు పట్టుకుంది. జూరా పళ్ళచక్రం మీద బొటనవేలు ఆనించి నెట్టింది.

"కదలదేమే... మొండిగా ఉంది... ఇంకా మొండిగానే ఉంది... ఇదిగో, జారింది!"

"ఎలా జారింది? ఒక్కసారిగానా, మెల్లగానా?"

"ఉండు." జూరా ఇంకోసారి నెట్టింది, మరోసారి నెట్టింది. "దూడను తప్పిస్తే ఆవు పాలు బిగబట్టుకుంటుంది చూడు, తర్వాత పోనీలే అనుకుని వదులుతుంది. అలా ఉంది. కాకపోతే ఈ ఆవు కొంచెం తొందరగా వదిలేస్తోంది."

సాదత్ ఆ మాటనే పట్టుకుంది. అంటే బిగువు ఒక పిసరు తక్కువ, అవును, ఆఖరి పోటీలో బిళ్ళలు కాస్త అరిగాయి కాబట్టి అలాగే ఉండాలి. నట్టుకు స్పానరు తగిలించి రవ్వంత తిప్పింది. తన వేలు మాట తప్ప ఇంకెవరి మాటా వినని మనిషి, ఆ ముడుల వేలి వంక చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి."

జూరా కళ్ళు మూసుకుని మళ్ళీ నెట్టింది.

"తొందరపెట్టకే," అంది. "వింటున్నాను."